తువాలు కింద మాట

1వ రోజు

నాకు మరచెవి బిగించిన కంపెనీ ఆయన ఈ పుస్తకం ఇచ్చాడు. రోజూ ఏం వినబడిందో రాయమన్నాడు. తేదీ అక్కర్లేదు, రోజు నంబరు వేస్తే చాలన్నాడు. నలభయ్యో రోజు వచ్చి తీసుకుపోతాడట.

నా పేరు కుళ్ళాయప్ప. వయసు డెబ్భై ఒకటి. చదువు అయిదో తరగతి. ఉండేది ఆరో పందిరిలో. పశువుల సంతలో దళారిని.

ఈ ఉదయం వినబడినవి. నీళ్ళ కోసం కట్టిన మంచువలల నుంచి తొట్టిలో బొట్లు పడే చప్పుడు. పందిరి గుడ్డ గాలికి కొట్టుకునే చప్పుడు. పక్క పాకలో మారెక్క ఆవు నెమరు వేసే చప్పుడు. తొమ్మిదింటికి ఎండ గంట.

ఎండ గంట విని మూడేళ్ళయింది. అందరూ లోపలికి పరిగెత్తుతుంటే చూసి నేనూ పరిగెత్తేవాణ్ణి. పోయిన ఏడాది ఒకసారి చూసుకోలేదు. వీపు మీద చర్మం ఊడింది. అందుకే చెవి పెట్టించుకున్నాను. కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చారు.

ఒప్పందం కాగితం చాలా పొడుగు. బిగించిన ఆయన పేరు ప్రణీత్. చెవి పెట్టకముందు చదివితే నాకు వినబడదు. పెట్టాక, వినబడుతున్న సంతోషంలో నేనే చదవనివ్వలేదు. చివరి మాట ఒకటి మాత్రం ఆయన అడిగాడు.

"మీ దగ్గర మాట్లాడేవాళ్ళ తరఫున కూడా మీరే మాట ఇస్తారా, పెద్దాయనా?"

నలభై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అదే. సంతలో ధర నోటితో చెప్పరు. దళారి తువాలు కప్పుతాడు. దాని కింద కొనేవాడి చెయ్యి ఒకసారి, అమ్మేవాడి చెయ్యి ఒకసారి పట్టుకుంటాడు. వేలు పట్టుకుంటే ఒకటి. అరచెయ్యి ఒత్తితే అయిదు. చుట్టూ వందమంది నిలబడినా ధర ఆ ముగ్గురికే తెలుస్తుంది. దళారి సరేనంటే ఇద్దరూ సరేనన్నట్టే.

అలవాటు కొద్దీ భుజం మీది తువాలు తీశాను. ఇస్తానన్నాను. ఆయన నవ్వి, నా బొటనవేలు తన గాజు పలక మీద ఒత్తించుకున్నాడు.

2వ రోజు

చీమలు తప్ప అన్నీ వినబడుతున్నాయి. నా దగ్గు నాకే వినబడింది. నాయన దగ్గులా ఉంది.

5వ రోజు

వలలు పిండడానికి తెల్లవారకముందే లేచాను. మారెక్క కూడా వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. మొగుడు పోయాక ఒక్కతే ఉంటుంది, ఆవుతో. ఆవు పేరు చుక్కి. నుదుట రూపాయంత తెల్లమచ్చ.

వల రెండో కొస పట్టుకోమంది. పట్టుకున్నాను. ఇద్దరం మెలిపెట్టి పిండుతుంటే చెప్పడం మొదలుపెట్టింది. జనం నాకు చెబుతారు. ఎందుకో తెలియదు. నేను ఎదురు మాట్లాడను, దగ్గుతాను, అంతే. దళారి దగ్గర దాచి ఏం లాభం అనుకుంటారేమో.

ఊపిరితిత్తుల్లో దుమ్ము గట్టిపడిందట. కొండ కింద తవ్విన చలువ మేడలో పదకొండు నెలలు ఉంటే బతుకుతుందని డాక్టరు చెప్పిందట. ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు పశువులకు ధర కట్టేది చలువ నెలల్లోనే. ఆవునిస్తే నెలల చీటీ వస్తుంది. చుక్కి లాంటి ఆవుకు పద్నాలుగు పలకాలి.

"ఎక్కువకే అడుగన్నా. రాకపోతే పదికి ఇయ్యి, తొమ్మిదికి ఇయ్యి. ఏడుకు కింద మాత్రం దిగొద్దు. ఏడు కంటే తక్కువైతే నా ఆవు దగ్గరనే సస్తా" అంది.

నేను దగ్గాను. ఎవరికీ చెప్పనని చెప్పాల్సిన పని లేదు. ఆమెకు తెలుసు.

8వ రోజు

ఒక విచిత్రం. మారెక్క నా పాక ముందుకొచ్చి, "తౌడు ఉందా అన్నా" అంది. ఆ మాట విన్న తరువాత ఆమె పెదవులు కదిలాయి. ముందు మాట, తరువాత నోరు. కళ్ళు నులుముకుని చూశాను. మళ్ళీ అంతే.

సాయంత్రం ప్రణీత్ చూడ్డానికి వస్తే అడిగాను. అది దోషం కాదు, సాయం అన్నాడు. ముసలివాళ్ళకు ప్రతి మాటలో సగం జారిపోతుందట. ఎదుటి మనిషి ఏమనబోతున్నాడో చెవికి తెలుస్తుంది కాబట్టి ముందే అందిస్తుందట. ఎలా తెలుస్తుందని అడిగాను.

"అలవాటు అవుతారు కదండీ" అన్నాడు.

ఎవరు ఎవరికి అలవాటవుతారో చెప్పలేదు.

12వ రోజు

పక్షానికొక సంత. ఈరోజు సంత. చుక్కికి తడి గోనె కప్పి, మారెక్క, నేను నాలుగు గంటలకే నడిపించుకుపోయాం. ఎండ గంటలోపు బేరాలు అయిపోవాలి.

మొదట వచ్చినవాడు రెండో పందిరి మనిషి. ఆవు పళ్ళు చూడలేదు. పొదుగు తడమలేదు. తువాలు కింద చెయ్యి పెట్టి, అరచెయ్యి ఒకసారి ఒత్తి, రెండు వేళ్ళు పట్టుకున్నాడు. ఏడు. నేను తల అడ్డంగా ఊపి చెయ్యి తీశాను.

రెండోవాడు వచ్చాడు. ఎప్పుడూ చూడని మనిషి. అరచెయ్యి, రెండు వేళ్ళు. ఏడు.

మూడోవాడు ఓబన్న, నాలుగో పందిరి. ముప్పై ఏళ్ళుగా నాకు తెలుసు. వేలు వేలుకూ తగువు పెట్టుకునే మనిషి. రెండుతో మొదలుపెట్టి పొద్దెక్కేదాకా లాగేవాడు. ఈరోజు తల కొంచెం పక్కకు వంచి, ఎవరో చెబుతుంటే విన్నట్టు ఒక క్షణం ఆగాడు. అరచెయ్యి, రెండు వేళ్ళు.

తువాలు కింద ఉన్నది మూడు చేతులు కాదు, ఒకటే చెయ్యి మూడుసార్లు వచ్చింది అనిపించింది. ముగ్గురి చెవుల్లోనూ నా చెవి లాంటి చెవులే ఉన్నాయి.

ఆవును వెనక్కి తోలుకొచ్చాం. దారిలో మారెక్క ఎంతకు అడిగారంది. చెప్పాను. ఆగి నా ముఖం చూసింది.

13వ రోజు

పడుకోబెట్టే పెట్టెలు అమ్మే మనిషి మారెక్క పాకకు వచ్చాడు. శవం పెట్టెలు. చాలా మర్యాదస్తుడు. గడప దగ్గర నిలబడి, ఆమెను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, అయిదడుగుల రెండంగుళాలు సరిపోతుందా అమ్మా అని అడిగాడు.

అతను పోయాక ఆమె నా దగ్గరికొచ్చింది.

"ఆ పొద్దు వల దగ్గర నువ్వూ నేనే కదన్నా ఉండింది" అంది.

ఔనన్నాను.

"మూడో మనిషి లేడు కదా."

లేడన్నాను. అంటుంటే చేయి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. ఆమె కూడా అటే చూసింది. తరువాత నా తొట్టి దాటుకుని, ఆ చివరి వల దగ్గరికి పోయి ఒక్కతే పిండుకుంది.

నలభై ఏళ్ళలో నా తువాలు కింది మాట ఒక్కటి బయటికి పోలేదు.

15వ రోజు

ఒప్పందాల గదికి పోయాను. అక్కడ షాహీనా ఉంటుంది. జనానికి కాగితాలు చదివి పెట్టడం ఆమె పని. నన్ను మామా అంటుంది. నోరు తెరవబోతే వేలు అడ్డం పెట్టి పలక, సుద్దముక్క ముందుకు తోసింది. ఆమెకు ముందే తెలుసు. నా లాంటివాళ్ళు ఇంకా వచ్చారట.

ఇద్దరం పలక మీదే మాట్లాడుకున్నాం. నా చదువుకు చాలాసేపు పట్టింది.

ఆమె రాసింది: చెవి వినేది నీకే కాదు. కంపెనీ కూడా వింటుంది. ఎవరికి ఏం అవసరం, ఎవరు ఎంతకు దిగుతారు అన్నది కొనేవాళ్ళకు అమ్ముతుంది.

నేను రాశాను: నా మాటలు అమ్ముకోనీ. మారెక్క మాటలు ఎట్ల అమ్ముతారు?

ఆమె కాగితం తిప్పి ఒక వరుస చూపించింది. నా సమక్షంలో మాట్లాడే వారందరి తరఫునా నేను సమ్మతించానట. కింద నా వేలిముద్ర.

తువాలు తీసిన సంగతి గుర్తొచ్చింది.

షాహీనా పలక తుడిచి పెద్ద అక్షరాలు రాసింది. నీ మాట నీది. ఆమె మాట నీది కాదు. నీది కానిదాన్ని నువ్వు ఇవ్వలేవు. తరువాత ఇంకోటి రాసింది. నలభై రోజుల లోపల ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. కారణం కాగితం మీద రాసివ్వాలి. తీర్పులు చెప్పే విచారణ అమ్మ ముందు చెప్పాలి.

అర్జీ ఆమే రాసింది. నేను వేలు పెట్టలేదు. ఈసారి సంతకం చేశాను. కుళ్ళాయప్ప అని పూర్తిగా.

17వ రోజు

చెవి తీసి చూశాను. లోకం దూది లోపలికి పోయింది. వల దగ్గర కూర్చుని ఉండగా కాలి మీద మంట పుట్టింది. ఎండ గంట అయిపోయిందన్నమాట. పాకలోకి పాకుతూ పోయి మళ్ళీ చెవి పెట్టుకున్నాను.

పెట్టుకోగానే మారెక్క గొంతు వినబడింది. సరే అన్నా, విననీ, నాదేం పోయింది, నువ్వు చెప్పినట్టే కానీ అంటోంది.

గడప ఇవతలి నుంచి చూశాను. మారెక్క తన పాకలో నిలబడి చెంబెత్తి నీళ్ళు తాగుతోంది. చెంబు ఆమె నోటికే ఉంది. గొంతుముడి పైకీ కిందికీ కదులుతోంది. నీళ్ళు తాగుతూ మాట్లాడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఆమె చెంబు దించి నన్ను చూసింది. ముఖం తిప్పుకుంది. నాలుగు రోజులుగా ఆమె నాతో మాట్లాడలేదు.

ఇది జరిగినప్పుడు ఎండ గంట అయిపోయి కాసేపే అయింది. మరిచిపోకుండా వెంటనే రాస్తున్నాను.

20వ రోజు

పిలవకుండానే ప్రణీత్ వచ్చాడు. అర్జీ వెనక్కి తీసుకుంటే రెండో చెవి కూడా ఊరికే ఇస్తామన్నాడు. అర్జీ విషయం నేనెవరితోనూ అనలేదు. షాహీనా కూడా నోటితో అనలేదు. ఎట్లా తెలిసిందని అడిగాను.

"మీరు అయిదు రోజులుగా ఎవరితోనూ మాట్లాడట్లేదు పెద్దాయనా. అది కూడా వినబడుతుంది" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నోరు మాటతో సరిగ్గా కలిసింది. ఈ మధ్య ఎవరి నోరూ అలా కలవడం లేదు.

రెండో చెవి వద్దన్నాను. ఆయన పెట్టె మూస్తూ నా వైపు జాలిగా చూశాడు. మీలాగా వినేవాళ్ళు మాకు దొరకరండీ అన్నాడు. నాకు అర్థం కాలేదు.

23వ రోజు

విచారణ. గదిలో విచారణ అమ్మ, ప్రణీత్, షాహీనా, మారెక్క, నేను. మారెక్కను షాహీనా తీసుకొచ్చింది. మూలన, నాకు దూరంగా కూర్చుంది.

నా దగ్గర మాట్లాడినవాళ్ళందరి సమ్మతీ ఉందని ప్రణీత్ చెప్పాడు. కుళ్ళాయప్ప గారు అందరి తరఫునా ఇచ్చారు, మారెక్క గారు స్వయంగా కూడా ఇచ్చారు అన్నాడు. గాజు పలక నొక్కాడు. గదిలో మారెక్క గొంతు వినబడింది. సరే అన్నా, విననీ, నాదేం పోయింది, నువ్వు చెప్పినట్టే కానీ.

మూల కూర్చున్న మారెక్క గొంతు పట్టుకుంది. లోపల నుంచి ఏదన్నా పోయిందేమో వెతుక్కున్నట్టు వేళ్ళతో తడుముకుంది.

"నా గొంతే. నేననలేదు తల్లీ" అంది విచారణ అమ్మతో.

ఏ రోజు అన్నదని విచారణ అమ్మ అడిగింది. పదిహేడో రోజు, ఎండ గంట తరువాత అని ప్రణీత్ చెప్పాడు. షాహీనా నన్ను మోచేత్తో పొడిచింది. ఈ పుస్తకం తీసి పదిహేడో రోజు పేజీ తెరిచి ఇచ్చాను. కంపెనీ ఇచ్చిన పుస్తకమే. అట్ట మీద వాళ్ళ గుర్తు ఉంది. విచారణ అమ్మ పైకే చదివింది. చెంబు దగ్గరికి వచ్చేసరికి ఆగి, మళ్ళీ ఒకసారి చదివింది.

ప్రణీత్ కంగారు పడలేదు. చెవి కొన్నిసార్లు మాటలు నింపుతుందని ఒప్పుకున్నాడు. కానీ తప్పుగా నింపదన్నాడు. ఆమె అనకపోయినా, అని ఉండేది. నూటికి తొంభై ఆరు వంతులు అదే అని ఉండేదని చెప్పాడు.

"మిగతా నాలుగు?" అంది విచారణ అమ్మ.

ఆయన తన గాజు పలక మీద వెతికాడు.

"ఒప్పుకోవడం అంటే ఆ నాలుగే బాబూ. మనిషి కాదనగలిగే చోటు అది."

తరువాత నా వైపు తిరిగి, మీరు మాట ఇచ్చింది నిజమేనా అని అడిగింది. నాకు సభలో మాట్లాడడం చేతకాదు. నిజమే అన్నాను. అప్పుడు భుజం మీది తువాలు తీసి బల్ల మీద పరిచాను. చెయ్యి దాని కింద పెట్టాను.

"నలభై ఏండ్లు ఇద్దరి తరఫున మాటిచ్చినానమ్మా. అబద్ధం కాదు. అయితే ఆ ఇద్దరి చేతులు నా చేతిలో ఉండేవి. చెయ్యి పెట్టనోళ్ళకు నేనెప్పుడూ మాటియ్యలేదు. ఈ బేరంలో మారెక్క చెయ్యి లేదు. తువాలు తియ్యకముందు చూసుకోవల్ల. చూసుకోలేదు. అది నా తప్పు. తప్పు నాది, మాట ఆమెది."

నా జీవితంలో ఇంతసేపు మాట్లాడడం అదే మొదలు.

మారెక్క నా వైపు చూడలేదు. తువాలును చూస్తూ కూర్చుంది.

24వ రోజు

తీర్పు కాగితం వచ్చింది. ఇతరుల తరఫున నేనిచ్చిన సమ్మతి చెల్లదు. చెవి కల్పించిన మాట చెల్లదు. మారెక్క మాటలు ఇకమీద అమ్మరాదు. నేను ఒప్పందం నుంచి బయటపడ్డాను. చెవి వాపసు ఇవ్వాలి. అట్టపుస్తకం మాత్రం కంపెనీ సొత్తు, నలభయ్యో రోజున ఇచ్చెయ్యాలి.

చివర ఒక వరుస ఉంది. ఇప్పటికే విన్నదాన్ని, ఇప్పటికే కొన్నవారి దగ్గర నుంచి వెనక్కి తెప్పించడం ఈ విచారణకు సాధ్యం కాదు.

అంటే ఏడు అందరికీ తెలుసు. తెలిసే ఉంటుంది.

చెవి తీసి ప్రణీత్ చేతిలో పెట్టాను. ఆయన ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎంత హాయిగా ఉందో.

సాయంత్రం మారెక్క వచ్చింది. చేతిలో చుక్కి పాత పలుపుతాడు. ఒక కొస నా మణికట్టుకు కట్టింది. రెండోది దడి సందులోంచి తన పాకలోకి లాక్కుపోయింది. గంట కొట్టినప్పుడు లాగుతుందన్నమాట. ఒకసారి లాగి చూపించింది. నేనూ లాగాను.

25వ రోజు

తొమ్మిదింటికి తాడు లాగింది. లోపలికి పోయాను.

26వ రోజు

సంత. నడుస్తుండగా మారెక్క నా తువాలు కొస పట్టుకుని ఆపింది. తన చెయ్యి దాని కింద పెట్టింది. నా అరచెయ్యి ఒకసారి ఒత్తింది. మళ్ళీ ఒత్తింది. ఒక వేలు పట్టుకుంది.

పదకొండు.

ఏడుకు కూడా సరేనన్న మనిషి. ముఖం చూశాను. ఊపిరికి ఆయాసపడుతోంది గానీ కళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆ పదకొండు ఆమె నోటితో అనలేదు. ఏ చెవీ వినలేదు. లోకంలో ఇద్దరికే తెలుసు.

మొదటివాడు వచ్చి ఏడు ఒత్తాడు. నేను పదకొండు ఒత్తాను. వాడు తల పక్కకు వంచి విన్నాడు. నవ్వి మళ్ళీ ఏడే ఒత్తాడు. రెండోవాడూ అంతే. ఓబన్నా అంతే. ముగ్గురూ నా చేతిని నమ్మలేదు. చెవిలో మాటను నమ్మారు. ముసలాడు నటిస్తున్నాడు, కాసేపుంటే దిగుతాడని అది చెప్పి ఉంటుంది.

తువాలు దులిపి భుజాన వేసుకున్నాను. చుక్కి కట్టు విప్పాను. సంతలో ఒక పద్ధతి ఉంది. కట్టు విప్పి పశువు ముఖం ఇంటివైపు తిప్పితే ఆ సంతకు ఇక బేరం లేదు. అవసరం ఉన్నవాడు ఎవడూ ఆ పని చెయ్యడు. మారెక్క దగ్గుతో వంగిపోతోంది. అయినా పలుపు అందుకుని ఆవు తలను ఇంటివైపు తిప్పసాగింది.

జనం మమ్మల్నే చూశారు. ముగ్గురి ముఖాలూ ఒకేలా మారాయి. అందరికీ ఒకేసారి ఒకే చోట నొప్పి పుట్టినట్టు. చెవి ఇంకా ఏడే అని చెబుతోందేమో. ఎదురుగా ఆవు తిరిగిపోతోంది.

ఓబన్న చెవి పీకేశాడు. బొడ్లో ఉన్న సున్నపు డబ్బా తీసి, అందులో వేసి మూత పెట్టాడు. చుక్కి తల సగం తిరిగి ఉంది. అడ్డంగా వచ్చి దాని నోరు తెరిచి పళ్ళు చూశాడు. పొదుగు తడిమాడు. నుదుటి మీద మచ్చ రుద్దాడు. ముప్పై ఏళ్ళుగా నేను చూసిన ఓబన్న అది. తువాలు కింద చెయ్యి పెట్టి నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. సిగ్గు లేని మనిషి. నాకు నవ్వొచ్చింది.

వేలు వేలుకూ తగువు పెట్టుకున్నాం. నా చెయ్యి పిండేశాడు. సూర్యుడు కొండ అంచు మీదికి ఎక్కేసరికి అరచెయ్యి రెండుసార్లు, ఒక వేలు. మారెక్కను పిలిచి ఆమె చెయ్యి కూడా తువాలు కిందికి తెచ్చాను. మూడు చేతులు. మూడు వేర్వేరు చేతులు. అప్పుడు సరేనన్నాను.

చీటీ రాయడానికి వచ్చిన షాహీనాతో ఓబన్న పోతూ ఏదో అన్నాడు. ఆమె తరువాత పలక మీద రాసి చూపించింది. ముందే ఆవును చూసుంటే పన్నెండు ఇచ్చి ఉండేవాణ్ణి, మీ దళారికి చెప్పొద్దు అన్నాడట.

31వ రోజు

మంచువలలు ఎండిపోయిన రోజుల్లో అందరం పందిరి మధ్య ఉన్న కంపెనీ నీళ్ళ కొళాయికి పోతాం. డబ్బా పెడితే కొళాయి లెక్క అడుగుతుంది, ఎన్ని కావాలని. ఎప్పుడూ ఆడగొంతు.

షాహీనా వచ్చి పలక చూపించింది. నిన్నటి నుంచి కొళాయి గొంతు మారిందట. ఎక్కువ మాట్లాడదట. మధ్యలో ఆగుతుందట. దగ్గుతుందట.

మారెక్క దాని ముందు నిలబడి డబ్బా నిండేలోపు మొగుడి సంగతంతా చెప్పేసిందట. డబ్బా నిండాక స్పృహలోకి వచ్చి భయపడిందట. నువ్వేననుకుందట మామా, అని రాసింది షాహీనా.

నేను పోయి చూశాను. బారులో నా ముందు నలుగురు ఆడవాళ్ళు. ఒక్కొక్కరే కొళాయి దగ్గరికి వంగి, పెదవులు కదుపుతున్నారు. డబ్బా నిండిపోయి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా కదలడం లేదు. ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది.

నా వంతు వచ్చింది. నాకు వినబడదు. ఇనప కొళాయి మీద అరచెయ్యి పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. అది వేచి ఉంది. నేను చెబుతానని వేచి ఉంది. తరువాత అరచేతి కింద ఇనుము చిన్నగా అదిరింది. రెండుసార్లు.

నాయన దగ్గు. నా దగ్గు.

మీలాగా వినేవాళ్ళు దొరకరని ప్రణీత్ అన్నది అప్పుడు అర్థమైంది. నా దగ్గునూ, నేను ఆగి వినే తీరునూ కొళాయిలో పెట్టారు. మారెక్క మాటలు అమ్మొద్దని తీర్పులో ఉంది. నేను వినే తీరు గురించి ఏ వరుసలోనూ లేదు. అది నాదే. దానికి నేనే వేలు పెట్టాను.

డబ్బా ఖాళీగానే తెచ్చుకున్నాను.

33వ రోజు

కొళాయి గొంతు మీద షాహీనా ఇంకో అర్జీ రాసింది. గెలుస్తామో లేదో తెలియదని పలక మీద చూపించింది. బయటికొచ్చి కొళాయి పక్కన రాయి మీద కూర్చున్నాను. వచ్చిన ప్రతివాళ్ళూ కొళాయినీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. చూసినవాళ్ళు నోరు తెరవడం లేదు. డబ్బా నింపుకుని పోతున్నారు. రోజూ ఇక్కడే కూర్చుంటాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు.

39వ రోజు

మారెక్క చేతులతో మాట్లాడడం కనిపెట్టింది. అంకెలకు సంతగుర్తులు ఉండనే ఉన్నాయి. మిగతావి ఒక్కొక్కటీ కలిపింది. మణికట్టు మీద గీస్తే నీళ్ళు. చిటికెన వేలు మెలిపెడితే షాహీనా. గోరుతో గుచ్చితే ఓబన్న. అన్నీ తువాలు కిందే. పక్కన నిలబడినవాళ్ళకు ఇద్దరు ముసలివాళ్ళు ఊరికే కూర్చున్నట్టు కనబడుతుంది.

రేపు ఆమెను చలువ మేడకు తీసుకుపోతారు. పదకొండు నెలలు. ఎండ గంటకు నా తాడు లాగే పని షాహీనా ఒప్పుకుంది. ఆమె చెయ్యి పెట్టి ఒప్పుకుంది.

40వ రోజు

ప్రణీత్ పుస్తకం కోసం వచ్చి గడప బయట నిలబడి ఉన్నాడు. ఈరోజు ఏం వినబడిందో రాసి ఇమ్మని సైగ చేశాడు.

ఏమీ వినబడలేదు.

తెల్లవారుజామున బండి ఎక్కేముందు మారెక్క వచ్చింది. తువాలు తీశాను. ఆమె చెయ్యి లోపల పెట్టింది. ఊపిరికి ఆగుతూ, చాలాసేపు చెప్పింది. అలవాటు కొద్దీ దగ్గు వచ్చింది. ఆపుకున్నాను. చెప్పడం అయ్యాక నా చెయ్యి రెండు చేతులతో మూసి, బండి ఎక్కింది.

ఆమె చెప్పింది ఇక్కడ రాయను.